అనుమానం ఊరిని మింగిన కథ: నథానియల్ హాథార్న్ జీవితం, ‘యంగ్ గుడ్‌మన్ బ్రౌన్’ అంతరార్థం

సూరత్‌లో తాపీ నది దాటి ఉత్తరానికి వెళితే అమ్రోలి వస్తుంది. మరమగ్గాల చప్పుడు, పొట్ట చేతపట్టుకుని రాష్ట్రాలు దాటి వచ్చిన కార్మికుల గదులు, వాటి మధ్యే ఒక ఆర్ట్స్, కామర్స్ కాలేజీ. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా బతుకుతున్న నగరం సూరత్. ఆ ఇళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ మాట్లాడతారు. కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతారు. అమ్రోలిలోనైనా, వరంగల్‌లోనైనా అమెరికన్ సాహిత్యం పాఠంగా ఉన్న చోట నథానియల్ హాథార్న్ పేరు తగలక తప్పదు. ఆయన పేరు వచ్చిందంటే ‘యంగ్ గుడ్‌మన్ బ్రౌన్’ అనే కథ కూడా వస్తుంది.

పెళ్లయి మూడు నెలలైన ఒక యువకుడు ఒక రాత్రి అడవికి వెళ్లి, తెల్లారి వేరే మనిషిగా ఇంటికి తిరిగి రావడమే ఆ కథ. చదవడానికి చిన్నది. పరీక్షలో రాయడానికి విద్యార్థులు తడబడేది. ప్యూరిటన్లు ఎవరు, ఆ అడవి ఏమిటి, గులాబీ రంగు రిబ్బన్లకు అర్థం ఏమిటి అని గైడ్లు చెప్పే జవాబులు సరిపోవు. ఈ కథకు తాళంచెవి దాన్ని రాసిన మనిషి ఇంటిపేరులోనే ఉంది.

సేలం పట్నం, ఓడలు, ఏనుగు

హాథార్న్ 1804 జులై 4న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, సేలం పట్నంలో పుట్టాడు. అప్పటికి సేలం గొప్ప రేవు. అక్కడి ఓడలు ఆఫ్రికా కొస చుట్టి హిందూ మహాసముద్రంలోకి వచ్చేవి. కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల పేర్లు ఆ ఊరి పిల్లలకు కూడా తెలుసు. అంత దూరం వెళ్లి వచ్చిన కెప్టెన్లు 1799లో ఈస్ట్ ఇండియా మెరైన్ సొసైటీ అని ఒక సంఘం పెట్టుకుని, తూర్పు దేశాల నుంచి తెచ్చిన వింత వస్తువులతో మ్యూజియం నడిపారు.

హాథార్న్ తండ్రి కూడా ఓడల మీద పనిచేసినవాడే. పేరు కూడా నథానియలే. ‘అమెరికా’ అనే ఓడ కలకత్తా నుంచి ఒక ఏనుగును ఎక్కించుకుని 1796 ఏప్రిల్‌లో న్యూయార్క్ చేరింది. అమెరికా గడ్డ మీద అడుగుపెట్టిన తొలి ఏనుగు అదే. ఆ ప్రయాణంలో లాగ్‌బుక్ రాసినవాడు ఈ తండ్రి. ఓడ మీద ఏనుగు ఉందన్న సంగతి ఆయన చేతిరాతలోనే మిగిలింది. తర్వాత ఆయన కెప్టెన్ అయ్యాడు. 1808లో దక్షిణ అమెరికాలోని సూరినామ్‌లో పచ్చ జ్వరంతో చనిపోయాడు. అప్పటికి కొడుకుకు ఇంకా నాలుగేళ్లు నిండలేదు.

తల్లి ఎలిజబెత్ ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకుని పుట్టింటికి చేరింది. అక్క ఎలిజబెత్, చెల్లెలు లూయిజా, మధ్యలో నథానియల్. పిల్లలు మేనమామల పోషణలో పెరిగారు. తొమ్మిదేళ్ల వయసులో బంతాట ఆడుతుండగా కాలికి దెబ్బ తగిలి నథానియల్ ఏడాదికి పైగా ఇంటికే పరిమితమయ్యాడు. పుస్తకాలు అలవాటైంది అప్పుడే. తర్వాత కుటుంబం కొంతకాలం మెయిన్ ప్రాంతంలోని రేమండ్ అనే అడవి పల్లెలో ఉంది. సరస్సు, మంచు, మనిషి జాడ లేని చెట్ల మధ్య ఒంటరిగా తిరిగిన ఆ రోజులను ఆయన జీవితాంతం ఇష్టంగా తలచుకున్నాడు. ఆయన కథల్లో అడవి ఉత్త తెర మీది బొమ్మలా అనిపించకపోవడానికి అది ఒక కారణం.

1821లో బోడన్ కాలేజీలో చేరాడు. తర్వాత గొప్ప కవి అయిన లాంగ్‌ఫెలో సహాధ్యాయి. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ పియర్స్ ఒక ఏడాది సీనియర్, ప్రాణస్నేహితుడు. 1825లో డిగ్రీ చేతికి వచ్చింది. ఉద్యోగం వెతుక్కోకుండా సేలంలోని ఇంటికి వచ్చి, ఒక గదిలో కూర్చున్నాడు. ఆ కూర్చోవడం పన్నెండేళ్లు సాగింది.

తాతకు తాత చేసిన పని

తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూపించేవాళ్లు మన ఊళ్లలో ఉంటారు. హాథార్న్‌కు తన పూర్వీకుల నుంచి వచ్చిన వాసన వేరు.

ఆ వంశంలో అమెరికాకు వచ్చిన మొదటివాడు విలియం హాథార్న్. ఇంగ్లండ్ చర్చిలో ఇంకా మలినం మిగిలి ఉందని, మతాన్ని పూర్తిగా శుద్ధి చేయాలని పట్టుబట్టిన ప్యూరిటన్లతో పాటు 1630లో సముద్రం దాటాడు. మెజిస్ట్రేట్ అయ్యాడు. తమ మీద అణచివేత భరించలేక ఇంగ్లండ్ వదిలి వచ్చిన ఈ ప్యూరిటన్లే, తమకు భిన్నంగా దేవుణ్ని కొలిచే క్వేకర్లను కొరడాలతో కొట్టించారు. ఆన్ కోల్‌మన్ అనే క్వేకర్ స్త్రీని బండికి కట్టి వీధుల వెంట కొరడాతో కొట్టించిన ఆజ్ఞ విలియం పేరు మీదే చరిత్రకెక్కింది.

విలియం కొడుకు జాన్. నథానియల్‌కు తాతకు తాత. 1692లో సేలం ప్రాంతాన్ని ఊపేసిన మంత్రగత్తెల విచారణల్లో ముందు వరుసలో కూర్చుని ప్రశ్నలు వేసిన మెజిస్ట్రేట్ ఈయనే. కొందరు ఆడపిల్లలు మూర్ఛపోవడం, అరవడం మొదలుపెట్టారు. తమను ఫలానా వాళ్లు పీడిస్తున్నారని పేర్లు చెప్పారు. పేరు వచ్చినవాళ్లంతా జైలుకు. నూటయాభై మందికి పైగా నిందితులయ్యారు. పంతొమ్మిది మందిని ఉరితీశారు, వాళ్లలో పద్నాలుగు మంది స్త్రీలు. నేరం ఒప్పుకోనని, కాదని కూడా చెప్పనని మొండికేసిన గైల్స్ కోరీ అనే ముసలాయనను రాళ్ల బరువు కింద నలిపి చంపారు. కొందరు జైల్లోనే చనిపోయారు.

ఈ కేసులన్నిటికీ ఆధారం ఒక విచిత్రమైన సాక్ష్యం. ఫలానా స్త్రీ ఆ సమయానికి తన ఇంట్లో పడుకుని ఉండవచ్చు. కానీ ఆమె రూపం వచ్చి నన్ను గొంతు పిసికిందని బాధితురాలు చెబితే చాలు. ఆ రూపం మిగతా ఎవరికీ కనపడదు. దీన్నే ఛాయారూప సాక్ష్యం అనవచ్చు. అమాయకురాలి రూపాన్ని సైతాను ధరించలేడా అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. ధరించగలడని పెద్ద మతగురువులే ఒప్పుకున్నాక, కోర్టు పునాది కదిలింది. 1692 అక్టోబరులో గవర్నర్ ఆ ప్రత్యేక న్యాయస్థానాన్ని రద్దు చేశాడు. 1697లో శామ్యూల్ స్యూవల్ అనే న్యాయమూర్తి చర్చిలో అందరి ముందు నిలబడి తన తప్పు ఒప్పుకున్నాడు. జాన్ హాథార్న్ మాత్రం 1717లో చనిపోయేదాకా ఒక్క పశ్చాత్తాప వాక్యం కూడా వదిలి వెళ్లలేదు.

నథానియల్ తన ఇంటిపేరు స్పెల్లింగ్‌లో డబ్ల్యూ అక్షరం ఒకటి చేర్చుకున్నాడు. ఎందుకో కచ్చితంగా చెప్పే కాగితం ఏదీ లేదు. ఆ న్యాయమూర్తికి తనకు మధ్య ఒక్క అక్షరమైనా అడ్డం ఉండాలని అనుకుని ఉంటాడన్నది ఎక్కువమంది చెప్పే మాట. పూర్వీకుల తరఫున సిగ్గును తాను మోస్తున్నానని, వాళ్లకు తగిలిన శాపం ఏదైనా ఉంటే ఇకనైనా తొలగాలని ఆయన తర్వాతి రోజుల్లో బహిరంగంగానే రాశాడు.

గదిలో పుట్టిన కథ

ఆ పన్నెండేళ్ల గది జీవితంలో అక్క ఎలిజబెత్ లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చిపెట్టేది. వాటిలో న్యూ ఇంగ్లండ్ పాత చరిత్రలు చాలా ఉన్నాయి. పగలు చదవడం, రాయడం. చీకటి పడ్డాక ఒంటరిగా నడక. 1828లో ‘ఫాన్షా’ అనే చిన్న నవల సొంత డబ్బుతో, పేరు లేకుండా వేయించాడు. నచ్చక, దొరికిన ప్రతులన్నీ నాశనం చేయడానికి ప్రయత్నించాడు. రాసిన కథల్లో కొన్నింటిని పొయ్యిలో వేశాడు. మిగిలినవి పత్రికల్లో పేరు లేకుండానే వచ్చేవి. 1835 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ మ్యాగజైన్‌లో వచ్చిన ‘యంగ్ గుడ్‌మన్ బ్రౌన్’ అలాంటిదే. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1837లో వచ్చిన తొలి కథాసంపుటిలో ఆయన దాన్ని చేర్చలేదు కూడా. ఆ సంపుటికి నష్టం వస్తే తాను భరిస్తానని మిత్రుడు హొరేషియో బ్రిడ్జ్ రచయితకు తెలియకుండా ప్రచురణకర్తకు 250 డాలర్ల హామీ ఇచ్చాడు.

ఇక కథ. గుడ్‌మన్ అంటే మంచివాడని కాదు. గొప్పింటివాడు కాని సామాన్య గృహస్థును ఆ రోజుల్లో అలా పిలిచేవారు. బ్రౌన్ మన సుబ్బారావు లాంటి అతి మామూలు పేరు. భార్య పేరు ఫెయిత్, అంటే విశ్వాసం. ఆమె టోపీకి గులాబీ రంగు రిబ్బన్లు. ఈ ఒక్క రాత్రి వెళ్లవద్దని ఆమె బతిమాలుతుంది. ఈ ఒక్క రాత్రే, రేపటి నుంచి ఆమె కొంగు పట్టుకునే స్వర్గానికి వెళ్తానని అతను తనకు తాను చెప్పుకుని బయలుదేరతాడు.

అడవిలో ఒక పెద్దమనిషి ఎదురుచూస్తుంటాడు. ముఖం చూస్తే ఇద్దరూ తండ్రీకొడుకుల్లా ఉంటారు. అతని చేతికర్ర పాములా మెలికలు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. తన వంశంలో ఎవరూ ఇలాంటి దారిలో నడవలేదని బ్రౌన్ అంటే, ఆ పెద్దమనిషి నవ్వుతాడు. క్వేకర్ స్త్రీని సేలం వీధుల్లో కొరడాతో కొట్టినప్పుడు మీ తాతకు నేనే తోడున్నానని, ఆదివాసుల ఊరు తగలబెట్టేందుకు మీ నాన్నకు నిప్పు అందించింది నేనేనని చెబుతాడు. మొదటిది రచయిత సొంత ఇంటి చరిత్ర. రెండోది 1675లో మొదలైన కింగ్ ఫిలిప్ యుద్ధం నాటి సంగతి.

ముందుకు వెళ్లేకొద్దీ, తనకు చిన్నప్పుడు మతపాఠాలు నేర్పిన ముసలమ్మ గుడీ క్లోయిస్ ఆ పెద్దమనిషిని పాత స్నేహితుడిలా పలకరిస్తుంది. తర్వాత ఊరి పాస్టరు, చర్చి పెద్ద మాట్లాడుకుంటూ గుర్రాల మీద అటే వెళ్తున్నట్టు వినిపిస్తుంది. చివరికి ఆకాశం మీదుగా నల్లమబ్బులో ఏవో గొంతులు. పై నుంచి ఒక గులాబీ రిబ్బన్ జారి కొమ్మకు చిక్కుకుంటుంది. తన ఫెయిత్ పోయిందని బ్రౌన్ పిచ్చివాడిలా పరుగెత్తుతాడు. మండుతున్న చెట్ల మధ్య సభ. ఊళ్లో భక్తులని పేరున్నవాళ్లు, పాపులని వెలివేసినవాళ్లు పక్కపక్కనే నిలబడి ఉంటారు. కొత్తగా చేరబోయేవారిగా బ్రౌన్‌ను, ఫెయిత్‌ను రాతి బలిపీఠం ముందుకు తెస్తారు. పైకి చూడు, లొంగకు అని అతను భార్యతో అరుస్తాడు. అంతే, అంతా మాయం. చల్లని అడవిలో ఒంటరిగా నిలబడి ఉంటాడు.

తెల్లారి ఊళ్లోకి వస్తే అంతా మామూలే. పాస్టరు ఆశీర్వదిస్తే తప్పుకుంటాడు. పిల్లకు పాఠం చెబుతున్న గుడీ క్లోయిస్ దగ్గర నుంచి ఆ పిల్లను లాగేస్తాడు. ఎదురొచ్చిన భార్యకు మాట లేకుండా ముఖం తిప్పుకుంటాడు. అది కలా నిజమా అన్నది రచయిత తేల్చడు. ఆ రోజు నుంచి బ్రౌన్ నవ్వు ఎరగని మనిషిగా బతికి, పిల్లలను, మనవలను కని, ముసలివాడై చనిపోతాడు. అతని సమాధి మీద ఆశ కలిగించే మాట ఒక్కటీ చెక్కరు.

కథకు మూడు దారులు

ఈ కథను మొదట చదివినవాళ్లకు తట్టే అర్థం ఒకటి ఉంది. పైకి భక్తి, లోపల పాపం. బ్రౌన్ ఆ రాత్రి లోకం అసలు రూపం చూశాడు. ఈ అర్థంలో కొంత నిజం ఉంది. మనిషి పుట్టుకతోనే పాపి అని, ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించాడని ప్యూరిటన్లు నమ్మిన కాల్విన్ సిద్ధాంతం చెప్పేది. అయితే రక్షణ పొందేవాళ్లు ఎవరో తెలిసేదెలా? నడవడి చూసి ఊహించాలి. అందుకే అక్కడ ప్రతివాడి కళ్లూ పక్కవాడి మీదే. ఆ రకమైన విశ్వాసం కపటాన్ని పెంచకుండా ఉండదు.

రెండో దారి మనసులోంచి వెళ్తుంది. బ్రౌన్ అడవికి వెళ్లింది తనకు తానుగా. వెళ్లే పని మంచిది కాదని కూడా తెలుసు. తన లోపలి చెడును చూడలేక, దాన్ని ఎదుటివాళ్ల ముఖాల మీద చూశాడు. 1966లో ఫ్రెడరిక్ క్రూస్ హాథార్న్ మీద రాసిన పుస్తకం ఈ వైపు నుంచే చర్చించింది. పెళ్లయిన కొత్తలో భార్యను వదిలి రాత్రంతా ఎక్కడికో వెళ్లి, ఉదయం ఆమెనే తప్పుపట్టే మొగుడు మన సమాజానికి కొత్తవాడేమీ కాదు.

మూడో దారి చరిత్రది, అన్నిటికన్నా గట్టిది. 1962లో డేవిడ్ లెవిన్ అనే పండితుడు ఒక వ్యాసంలో దీన్ని ఎత్తి చూపాడు. అడవిలో బ్రౌన్ చూసినవన్నీ రూపాలే. గొంతులు, నీడలు, ఆకారాలు. చూపిస్తున్నది సైతాను. అంటే 1692 కోర్టు ఏ సాక్ష్యాన్ని నమ్మి ఉరితాళ్లు బిగించిందో, బ్రౌన్ సరిగ్గా అదే సాక్ష్యాన్ని నమ్మాడు. అబద్ధాలకు మూలపురుషుడని తన మతమే చెప్పే సైతాను చూపించిన దృశ్యం నిజమెందుకు కావాలి అన్న ప్రశ్న అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు.

కథలో పేర్లు కూడా ఊరికే పడలేదు. సారా క్లోయిస్ 1692లో జైలుపాలైన నిజమైన స్త్రీ. ఆమె బతికి బయటపడింది కానీ, ఆమె అక్కలు రెబెకా నర్స్, మేరీ ఈస్టీ ఉరికంబం ఎక్కారు. కథలో ప్రస్తావనకు వచ్చే మార్తా కోరీ, మార్తా క్యారియర్ కూడా ఉరిశిక్షకు బలైనవాళ్లే. చరిత్ర నిర్దోషులని తేల్చిన ఈ స్త్రీలను కథలో మంత్రగత్తెలుగా చూపించడం చూసి పాఠకుడు ఉలిక్కిపడాలి. వాళ్లను అలా చూస్తున్న కళ్లు ఎవరివి? బ్రౌన్‌వి. బ్రౌన్ వెనుక నిలబడి చూస్తున్నది జాన్ హాథార్న్. తన ఇంటి న్యాయమూర్తి బుర్ర ఎలా పనిచేసి ఉంటుందో మునిమనవడు లోపలికి దిగి చూపించిన కథ ఇది.

ఇక్కడే ప్రలోభం అన్న మాటకు అసలు అర్థం దొరుకుతుంది. ఆ సభలో సైతాను ఆశ చూపింది డబ్బు కాదు, భోగం కాదు. ఊళ్లో ప్రతి ఒక్కరి రహస్య పాపం నీకు తెలిసిపోతుందన్నదే ఆ ఎర. బ్రౌన్ ఆ దీక్షను తిరస్కరించాడు. కానీ దీక్ష తీసుకున్నవాడిలాగే మిగతా జీవితమంతా గడిపాడు. అందరి గుట్టూ నాకు తెలుసన్న నమ్మకమే అతన్ని తినేసింది. పాపం చేయకుండానే ప్రలోభానికి లొంగిపోయిన మనిషి అతను.

పెళ్లి, పదవి, ఎర్ర అక్షరం

హాథార్న్ మాత్రం బ్రౌన్ కాలేదు. గది వదిలి బయటికి వచ్చాడు. బోస్టన్ కస్టమ్స్ ఆఫీసులో ఉద్యోగం చేశాడు. 1841లో బ్రూక్ ఫార్మ్ అనే ఆదర్శ సమష్టి వ్యవసాయ క్షేత్రంలో చేరి, పేడ ఎత్తి ఎత్తి కొన్ని నెలల్లోనే విసిగి వచ్చేశాడు. 1842 జులై 9న సోఫియా పీబాడీని పెళ్లి చేసుకున్నాడు. ఆమె చిత్రకారిణి, తలనొప్పులతో మంచం పట్టిన మనిషి. కాంకర్డ్‌లో ఓల్డ్ మాన్స్ అనే పాత ఇంట్లో కాపురం. కొత్త దంపతుల కోసం పెరట్లో కూరగాయల మొక్కలు నాటిపెట్టినవాడు హెన్రీ డేవిడ్ థోరో. ఆ ఇంటి పేరుతోనే 1846లో వచ్చిన సంపుటిలో ‘యంగ్ గుడ్‌మన్ బ్రౌన్’ మొదటిసారి పుస్తకంలోకి ఎక్కింది. 1850లో హెర్మన్ మెల్విల్ ఆ సంపుటి మీద రాస్తూ, పేరు చూసి పిల్లల కథ అనుకున్న దాని లోతుకు నివ్వెరపోయాడు. ఎడ్గార్ ఎలన్ పో మాత్రం ఈ రూపక కథల పద్ధతి వదిలేయమని సలహా ఇచ్చాడు. హాథార్న్ కూడా తన పాత రూపక కథల్లో కొన్నింటికి అర్థం తనకే పూర్తిగా తెలియదని 1854లో ప్రచురణకర్తకు రాసిన ఉత్తరంలో విసుక్కున్నాడు.

1846లో సేలం కస్టమ్స్ హౌస్‌లో సర్వేయర్ ఉద్యోగం వచ్చింది. తండ్రి ఏ రేవు నుంచి ఓడ ఎక్కాడో, ఆ రేవులోనే కొడుకు సుంకాల లెక్క చూశాడు. అప్పటికి తూర్పు వ్యాపారం చిక్కిపోయింది. 1849లో ప్రభుత్వం మారగానే ఉద్యోగం ఊడింది. అదే వేసవిలో తల్లి చనిపోయింది. ఆ దుఃఖంలో, అప్పుల్లో కూర్చుని రాసిన ‘ది స్కార్లెట్ లెటర్’ 1850 మార్చిలో వచ్చి ఆయనను అమెరికాలో అగ్రశ్రేణి నవలాకారుడిని చేసింది. తప్పు చేసిన స్త్రీ గుండె మీద ఎర్ర అక్షరం కుట్టి ఊరంతా చూస్తుంది. ఆమెతో తప్పు చేసిన పాస్టరును అదే ఊరు పూజిస్తుంది. గుడ్‌మన్ బ్రౌన్ అడవిలో చూసిన సభ ఇక్కడ పట్టపగలు బజారులో జరుగుతుంది. మరుసటి ఏడాది వచ్చిన ‘ది హౌస్ ఆఫ్ ది సెవెన్ గేబుల్స్’లో తాతల అన్యాయం మనవల ఇంటిని ఎలా పట్టి పీడిస్తుందో రాశాడు.

చూడలేకపోయిన అడవి

ఇంత చూసిన కళ్లు ఒక చోట మూసుకున్నాయి. హాథార్న్ బతికిన కాలంలో అమెరికా సమాజం దాచుకున్న అతిపెద్ద పాపం బానిసత్వం. ఆయన బానిసత్వాన్ని మెచ్చుకోలేదు. కానీ దాన్ని రద్దు చేయాలని పోరాడినవాళ్లను నమ్మలేదు. కాలమే దాన్ని కరిగిస్తుందన్నట్టు మాట్లాడాడు. 1852లో మిత్రుడు పియర్స్ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ప్రచారం కోసం ఆయన జీవితచరిత్ర రాసిపెట్టాడు. గెలిచిన పియర్స్ ఆయనను 1853లో లివర్‌పూల్‌కు కాన్సల్‌గా పంపాడు. 1854లో పియర్స్ సంతకం చేసిన కాన్సస్–నెబ్రాస్కా చట్టం బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకే దారి తెరిచింది.

లివర్‌పూల్ రేవులో ఆయన కళ్లముందు దిగుతున్నది ప్రధానంగా అమెరికా దక్షిణాది పత్తి. బానిసలు పండించినది. ఓడల్లో నావికులను చావబాదుతున్నారని ఆయన బాధపడ్డాడు, పై అధికారులకు రాశాడు. పత్తి బేళ్ల వెనుక కొరడా మీద మాత్రం అంత ధ్యాస పెట్టలేదు. అంతర్యుద్ధం 1861లో మొదలై ఆ పత్తి ఆగిపోయాక, లాంకషైర్ మిల్లులు భారతదేశపు పొట్టి పింజ పత్తి వైపు తిరిగాయి. దానికి వాళ్లు పెట్టుకున్న వ్యాపార నామం సూరత్. ఆ పత్తితో నూలు తెగిపోతుందని అక్కడి కార్మికులు విసుక్కుని, నాసిరకానికి సూరత్ అనే మాటను మారుపేరు చేసుకున్నారు. ఆ పేరున్న ఊరే ఈరోజు దేశానికి సింథటిక్ బట్ట నేస్తోంది. అమ్రోలిలో మగ్గం పక్కన నిలబడే మనిషికి తెలియకపోయినా, ఆ నూలు పోగు చరిత్రలో హాథార్న్ కూర్చున్న రేవు కూడా ఒక ముడి.

క్వేకర్ స్త్రీ మీద పడిన కొరడాను రెండు వందల ఏళ్ల దూరం నుంచి చూసి సిగ్గుపడిన రచయిత, తన కాలంలో పడుతున్న కొరడాను చూసి తొందర పడలేదు. పూర్వీకుల పాపం ఒప్పుకోవడం కన్నా సమకాలీన పాపాన్ని ఎదిరించడం కష్టం. ఆయన జీవితం నేర్పే చేదు పాఠం ఇదే.

చివరి రోజులు

ఇంగ్లండ్, ఇటలీ తిరిగి 1860లో కాంకర్డ్‌కు వచ్చాడు. అదే ఏడాది వచ్చిన ‘ది మార్బుల్ ఫాన్’ ఆయన పూర్తి చేసిన చివరి నవల. ఆరోగ్యం పాడైంది. మొదలుపెట్టిన పుస్తకాలు సగంలో ఆగిపోయేవి. 1863లో ఇంగ్లండ్ గురించి రాసిన వ్యాసాల పుస్తకాన్ని పియర్స్‌కు అంకితమిచ్చాడు. యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో ఉత్తరాదిలో పియర్స్ పేరెత్తితే మండిపడేవారు. ప్రచురణకర్తలు వద్దన్నా వినలేదు. స్నేహం విషయంలో ఆయన బ్రౌన్‌కు పూర్తిగా వ్యతిరేకం. ఊరంతా దుర్మార్గుడన్న మనిషిని కూడా వదల్లేదు. 1864 మే 19న న్యూ హాంప్‌షైర్‌లోని ప్లిమత్‌లో, అదే పియర్స్‌తో కలిసి వెళ్లిన ప్రయాణంలో, హోటల్ గదిలో నిద్రలోనే కన్నుమూశాడు. కాంకర్డ్‌లోని స్లీపీ హాలో శ్మశానంలో పూడ్చారు. లాంగ్‌ఫెలో, ఎమర్సన్ లాంటివాళ్లు ఆ అంత్యక్రియలకు వచ్చారు.

ఆయన చిన్న కూతురు రోజ్ పెద్దయ్యాక క్యాథలిక్ మతం తీసుకుంది. భర్త చనిపోయాక సన్యాసినిగా మారి, డబ్బు లేని క్యాన్సర్ రోగులకు చివరి రోజుల్లో సేవ చేసే సంస్థను 1900లో స్థాపించింది. క్యాన్సర్ అంటురోగమని జనం దూరంగా పారిపోయిన కాలం అది. ప్యూరిటన్ న్యాయమూర్తి వంశంలో విశ్వాసం చివరికి ఇలా ఒక స్త్రీ చేతుల్లో సేవగా మారింది.

ఇప్పటికీ ముగియని విచారణ

సేలం కేసుల్లో శిక్ష పడి, పేరు మీది మచ్చ చెరగకుండా మిగిలిన చివరి నిందితురాలు ఎలిజబెత్ జాన్సన్. ఆమెను మసాచుసెట్స్ రాష్ట్రం అధికారికంగా నిర్దోషిగా ప్రకటించింది 2022లో. ఉరితీయడానికి కొన్ని నెలలు చాలాయి. తప్పు పూర్తిగా దిద్దుకోవడానికి మూడు వందల ముప్పై ఏళ్లు పట్టింది.

ఇది దూరదేశపు సంగతి అనుకోవడానికి వీల్లేదు. చేతబడి చేశాడని, బాణామతి చేసిందని ఒక ముసలామెను, ఒక కుటుంబాన్ని కొట్టి చంపిన వార్తలు తెలుగు పల్లెల నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. గుజరాత్ గిరిజన ప్రాంతాల్లో డాకణ్ అని ముద్ర వేసి స్త్రీలను హింసించడం ఉంది. నరబలి, చేతబడి లాంటి అమానుష పద్ధతులకు వ్యతిరేకంగా గుజరాత్ శాసనసభ 2024 ఆగస్టులో చట్టం చేసింది. అలాంటి చట్టం మహారాష్ట్రలో 2013లోనే వచ్చింది. చట్టం నేరాన్ని శిక్షిస్తుంది. అనుమానాన్ని శిక్షించలేదు. కలలోకి వచ్చింది కాబట్టి ఆమే చేసింది అని నమ్మే మనసు, 1692 కోర్టు మనసు ఒకటే.

నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. సేలంలో నిప్పు లేకుండానే పొగ పుట్టింది, ఆ పొగలోనే ఊరు తగలబడింది. ఫోనులోకి వచ్చిన ఒక వీడియో చూసి పక్కింటివాడి మతాన్నీ, శీలాన్నీ, దేశభక్తినీ తేల్చేసే రోజుల్లో గుడ్‌మన్ బ్రౌన్ అడవి మన ఇంటి గుమ్మం దాకా వచ్చింది. తెర మీద కనిపించిన రూపం నిజమైనదేనా, దాన్ని చూపిస్తున్నది ఎవరు అని అడగడం ఒక్కటే ఆ అడవిలోంచి బయటికి దారి.

అమ్రోలి కాలేజీలోనో, మరో చోటో ఈ కథకు జవాబు రాసే విద్యార్థి గులాబీ రిబ్బన్ దేనికి ప్రతీక అని తల పట్టుకోనక్కర్లేదు. ఆ రోజు ఉదయం ఫెయిత్ రిబ్బన్లు ఆమె టోపీకే ఉన్నాయి. భర్త క్షేమంగా తిరిగి వచ్చాడని ఆమె వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. బ్రౌన్ చూడగలిగి ఉంటే, అడవిలో కొమ్మకు చిక్కిన రిబ్బన్‌కు, కళ్లముందున్న రిబ్బన్లకు లెక్క కుదరడం లేదని అక్కడే తెలిసిపోయేది. అతను ముఖం తిప్పుకుని ముందుకు నడిచాడు.